పసుపు టేపు సీసాలు

జూన్ 16, సోమవారం

మా పాస్టరు గారి భార్య ప్రిసిల్లమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. "దేవునికి ఉత్తరం రాసినట్టు రాసుకో రోసమ్మా, గుండె తేలికైతది" అంది. దేవునికి నేను రాయను. ఆయనకు చెప్పాల్సిందంతా ఆసుపత్రి వరండాలో మోకాళ్ల మీద చెప్పాను. ఇది నాకే. చదివింది ఏడో తరగతి. తప్పులుంటే ఉంటాయి.

హదస్సా పోయి యాభై రెండు రోజులు. పంతొమ్మిదేళ్లు నా బిడ్డకు.

ఈ రోజు మళ్లీ డ్యూటీలో చేరాను. ఫార్మసీ కాలేజీలో, పరిశోధన చేసేవాళ్ల ల్యాబులో సీసాలు కడిగే పని. పదకొండేళ్లుగా అదే సింకు. అందరూ నా మొహం చూడకుండా పక్కకు తప్పుకున్నారు. హేమచంద్ర సారు ఒక్కడే ఎదురొచ్చాడు.

"ఎట్లున్నరు ఆంటీ?"

"ఉన్న సార్."

"ఆ రోజు నేను ఊళ్లె లేను ఆంటీ. మట్టికి రాలేకపోయిన."

స్టూలు తెచ్చి వేశాడు. ఫ్యాను నా వైపు తిప్పాడు. నా బిడ్డను చంపినవాడు నన్ను కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

జూన్ 17

అతనే చంపాడు. రాసి పెడుతున్నాను.

జూన్ 19, గురువారం

ఎలా చంపాడో వరసగా రాస్తాను. రేపు నేను మెత్తబడితే చదువుకోవడానికి ఉండాలి.

ఉల్లిగడ్డ పొట్టులో పసుపు రంగు మందు ఒకటి ఉంటుంది. ఇట్లాంటివి ఆకుల్లో, పండ్ల తోళ్లల్లో చాలా ఉంటాయట. ఫ్లేవనాయిడ్లు అంటారు. పదకొండేళ్లు ఆ మాటలు వింటూ కడిగాను, నోరు తిరుగుతుంది. హేమచంద్ర సారు పొట్టు నుంచి ఆ మందు తీస్తాడు. పొట్టు తెచ్చింది ఎవరు? నేనే. బోయిన్‌పల్లి మార్కెట్లో ఊడ్చి పారేసేది సంచికెత్తుకుని, బస్సులో అందరూ తిడుతుంటే తెచ్చి ఇచ్చాను.

ఎలుక నుంచి వచ్చిన కాపలా కణాలను అతను పెంచుతాడు. ఒంట్లోకి ఏదైనా జొరబడితే దాని మీద పడేవి అవే. వాటికి ఒక విషం చుక్క వేసి కోపం తెప్పిస్తాడు. తర్వాత ఇంకో మందు పోస్తే గులాబీ రంగు వస్తుంది. ఎంత కోపమో అంత గులాబీ.

జనవరిలో ఒక రోజు, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక తెచ్చి నాకు చూపించాడు.

"జెర ఇటు చూడండి ఆంటీ. ఈ వరస చూడుండ్రి, ఎంత కోపంగున్నయో. ఈ వరసల మీరు తెచ్చిన పొట్టు పడ్డది. సల్లవడ్డయి."

నిజమే. ఒక వరస గులాబీ. పక్క వరస ఉత్త నీళ్లలా ఉంది.

"మనుషులల్ల సుత ఇవే ఉంటయా సార్?"

"ఇసొంటివే ఉంటయి ఆంటీ."

నా బిడ్డకు లూపస్. రెండేళ్ల కింద పెద్ద డాక్టరు ఏం చెప్పాడు? "కాపాడాల్సిన కణాలే ఒంటి మీద పడుతున్నయమ్మా, ఇప్పుడు కిడ్నీల మీద పడ్డయి" అన్నాడు. అవే కణాలు. అదే కోపం. అది తెలిసీ హేమచంద్ర నాకు ఆ పలక చూపించాడు. నవ్వుకుంటూ చూపించాడు.

మాత్రలు మానమని చెప్పలేదు. మానొద్దనీ చెప్పలేదు.

జూన్ 22, ఆదివారం

గుడికి పోలేదు.

జూన్ 24, మంగళవారం

ఈ రోజు దారి దొరికింది.

సీసా కడగడానికి నా లెక్క ఒకటే. సబ్బు నీళ్లలో నానబెట్టాలి, బ్రష్షు పెట్టాలి, ఏడుసార్లు కుళాయి నీళ్లు, మూడుసార్లు డిస్టిల్డ్ నీళ్లు. ఒక్కసారి తగ్గినా సబ్బు పొర అద్దానికి అంటుకుని ఉంటుంది, కంటికి కనపడదు. మనిషికి ఏమీ కాదు. కణాలకు చావు. ఇది హేమచంద్రకు నేర్పింది నేనే. వచ్చిన మొదటి వారం స్పూను కడిగినట్టు కడుగుతుంటే చేతిలోంచి లాక్కున్నాను. "గిట్లనా సార్ కడుగుడు, ఇది మీ ఇంట్ల చాయ్ గ్లాసు గాదు" అంటే చెవులు పట్టుకున్నాడు.

పొట్టు మందు కలిపే సీసాలకు పసుపు టేపు వేస్తాడు. మిగతావాటికి ఎర్ర టేపు. ఎర్రవాటి జోలికి నేను పోను. పసుపువాటికి ఇక నుంచి రెండు నీళ్లే. అతని మందు తగిలిన ప్రతి కణం చావాలి. ఆ మందు చంపుతుందని శ్రీలలిత మేడం కళ్లతో చూడాలి. ఆమే అతనికి గైడు. నాలుగేళ్ల పని. డిసెంబరుతో అతని ఫెలోషిప్ అయిపోతుంది. ఇంటికి మూటగట్టుకుని పోవాలి.

ఆరు సీసాలు అట్లా కడిగి ఆరబెట్టాను.

ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. చాలా రోజులకు ఉప్పు తెలిసింది.

జూన్ 25

ఎనిమిది.

జూన్ 27

ఎనిమిది.

"మీరు కడిగితెనే నాకు నమ్మకం ఆంటీ. మీరు లేని దినాలల్ల ఆ కొత్తామె కడిగితే అన్ని పాడైనయి" అన్నాడు. నా పక్కనే నిలబడి టీ తాగుతూ అన్నాడు.

జూలై 2, బుధవారం

ఎట్లా జరిగిందో అర్థం కావటం లేదు. అతను గెలిచాడు.

పొద్దున పలక పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. విషం వేసిన వరస ముద్ద మందారంలా ఎర్రగా ఉంది. పొట్టు పడ్డ వరసలు నాలుగు, నాలుగూ తెల్లగా ఉన్నాయి. ఇంతకుముందు కొంచెం గులాబీ మిగిలేది. ఇప్పుడు చుక్క లేదు. ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తెప్పించి ల్యాబంతా పంచాడు. నా చేతిలో నాలుగు పెట్టాడు.

శ్రీలలిత మేడం బిస్కెట్ తీసుకోలేదు. "గింత తెల్లగ ఎప్పుడన్న వచ్చిందా హేమా? బతికున్నయా చూసినవా? సచ్చిన కణం సుత గులాబీ ఇయ్యది" అంది.

"ఆ పరీక్షకు పొడి అయిపోయింది మేడం. ఆర్డరు పెట్టినం, పదిహేను దినాలైతది."

"అయితే పదిహేను దినాలు నోరు మూస్కొని ఉండు."

అతను తల ఊపాడు కానీ నోరు మూయలేదు. ఫోన్లో అందరికీ చెప్తూనే ఉన్నాడు.

నేను సింకు దగ్గర నిలబడి ఆలోచించాను. చచ్చినవాటికి కోపం ఉండదు. అతనికి అది శాంతిలాగా కనపడుతోంది.

జూలై 4, శుక్రవారం

ఎవరికి ఫోన్ చేస్తున్నాడో తెలిసింది. వాళ్లమ్మ శ్యామలమ్మకు. నేరేడ్‌మెట్‌లో ఉంటారు ఇద్దరూ. ఆమెకు వేళ్ల కీళ్లల్లో జబ్బు. సొంత కణాలే కీళ్లు కొరికేస్తాయట. మాత్రల మీద ఉంది. అందుకే ఈ పనిలోకి వచ్చానని ఎప్పుడో ఒకసారి చెప్పాడు, నాకు గుర్తు రాలేదు.

"అమ్మ మస్తు ఖుష్ అయింది ఆంటీ. ఎప్పటికన్న ఇది మందు అయితే ఫస్టు నీకే అన్న."

"ఎప్పటికైతది సార్?"

"అయ్యో, ఏండ్లు పడతది. మనిషి దాంక పోవాలంటే ఎన్ని పరీక్షలో. ఆగమన్న."

ఆమె ఆగదు. కొడుకు నోటితో ఆ మాట విన్నాక ఏ ఆడదీ ఆగదు. ఉల్లిపొట్టు ఏ ఇంట్లో లేదు? గిన్నెలో వేసి ఉడకబెట్టడమే. ఆగదని నాకు తెలుసు.

ఇప్పుడు నేను సీసాలు కూడా పాడు చేయక్కర్లేదు. ఊరుకుంటే చాలు. నా బిడ్డకు అతని తల్లి. సమానం.

జూలై 6, ఆదివారం

ఈ రోజు గుడికి పోయాను. మా ఆయన దేవసహాయం లేచి నిలబడి అందరి ముందు ప్రార్థన చేశాడు. ఆ రోజు వార్డులో ఉన్న డ్యూటీ డాక్టరును దేవుడు చూసుకోవాలని చేశాడు. గుడంతా ఆమెన్ అంది.

ఇంటికి వచ్చాక స్కూలు బస్సు డ్రైవరు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ చెప్పాడు. "ఆ డాక్టరు పేరు దొరికింది. కంప్లైంటు రాయిస్తున్న. జ్వరం జ్వరం అనుకుంట రెండు దినాలు గడిపిండు. వాని డిగ్రీ పోవాలె."

రాయించు అన్నాను.

జూలై 8

అతను మానమని చెప్పలేదు. కానీ ఆ పలక చూపించాడు కదా. చూపించకపోతే నాకు ఆ ఆలోచన వచ్చేదా? ఇదే మళ్లీ మళ్లీ రాస్తున్నాను.

పది సీసాలు.

జూలై 11, శుక్రవారం

బిడ్డ బట్టల అల్మారా తీశాను. కింద అరలో మాత్రల డబ్బా. తీయలేదు, మూసేశాను. మళ్లీ తీశాను.

ఆ మాత్రలు వేసుకుంటే దాని మొహం ఉబ్బేది. బుగ్గలు, మెడ వెనకాల అంతా. కాలేజీలో పూరీ అని పిలిచేవాళ్లు. "ఒకడు గాదమ్మా, క్లాస్ క్లాసంత పూరీ అంటరు. లెక్చరర్ సుత నవ్విండు" అని చెప్పుకుని ఏడ్చింది. గుడిలో పాటల గుంపులో వెనక వరసకు పోయి నిలబడేది. ఈస్టర్‌కు ముందు వరసలో నిలబడాలని దాని కోరిక. ముందు వరసవాళ్లకు తెల్ల చీర, ఒక్కొక్కరికి ఒక చరణం.

మార్చి ఐదు, ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు షురూ చేశాం. ఉల్లిపొట్టు ఉడికించిన నీళ్లు, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. ముక్కు మూసుకుని తాగేది. "ఏందమ్మా ఇది, గంజిల సాంబారు కలిపినట్టున్నది" అనేది. నెల తిరిగేసరికి మొహం తేటపడింది. పాత దవడ మళ్లీ కనపడింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. కాళ్లకు కొంచెం నీరు వచ్చింది, ఎండాకాలం అనుకున్నాను. ఊరికే అలిసిపోయేది, పాటల ప్రాక్టీసు అనుకున్నాను.

ఈస్టర్ ఆదివారం ముందు వరసలో, కుడి నుంచి మూడోది. రెండో చరణం దానిదే. అంత బాగా ఎప్పుడూ పాడలేదు.

మంగళవారం జ్వరం. బుధవారం ఆసుపత్రి. శుక్రవారం.

అతను చెప్పాడు. ఇంత రాశాక ఇది కూడా రాస్తాను. జనవరిలో ఆ పలక తీసుకుని వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగి చెప్పాడు. "ఆంటీ, మీ బిడ్డ సంగతి నాకెరుకే. ఇది ప్లాస్టిక్ పలకల మాట. ఆమె మాత్రలు మాత్రం ఒక్క పూట సుత ఆపకుండ్రి" అన్నాడు. సరే సార్ అన్నాను.

జూలై 12

అయినా అతని మీద కోపం పోలేదు. పోతే నా దగ్గర ఇంకేం ఉంటుంది.

జూలై 14, సోమవారం

బోనాల జాతరకు రోడ్లన్నీ మూసేశారు. నడుచుకుంటూ పోయాను. ల్యాబులో సగం మంది రాలేదు. మధ్యాహ్నం సింకు దగ్గర ఉంటే వెనక నుంచి ఒకామె వచ్చింది. అరవై ఏళ్లు ఉంటాయి. చేతుల్లో స్టీలు డబ్బా.

"రోసమ్మ అంటె నువ్వేనా చెల్లె? నేను హేమ వాళ్లమ్మను. గారెలు తెచ్చిన. ఇయ్యి అమ్మవారికి పెట్టకముందే నీ కోసమని పక్కకు తీసిన, మీరు మొక్కినయి తినరంట గదా. మూత జెర నువ్వే తియ్యి, నా వేళ్లతోని అయితలేదు."

ఆమె వేళ్లు చూశాను. కర్రపుల్లలను విరిచి అతికించినట్టు ఒక్కోటి ఒక్కో పక్కకు ఉంది. మూత తీశాను. ఒక గారె తిన్నాను. ఆమె నన్నే చూస్తూ నిలబడింది.

"బిడ్డ సంగతి వాడు చెప్పిండు. రెండు దినాలు బువ్వ తినలేదు వాడు. నేనేం జేసిన అమ్మా, ఆమెకు నేనెందుకు చూపిచ్చిన ఆ పలక అని ఒకటే సోది."

ఇంకో గారె తీసి నోట్లో పెట్టుకున్నాను.

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుత, వానికి చెప్పకు. వారం సంది నేనే పొట్టు ఉడకవెట్టుకొని తాగుతున్న. వాడు ఆగమన్నడు గని, ఈ మాత్రలతోని కడుపుల మంట చెల్లె, జుట్టంత ఊశిపోయింది. రేపటి సంది మాత్రలు బంద్ చేద్దామనుకుంటున్న. నువ్వు రోజు చూస్తవు గదా ఈడ. నిజంగ పనిజేస్తదా?"

ఎన్ని రోజులు కాచుకున్నాను ఇందుకు. ఆమె నా చేతికే వచ్చింది. చేస్తది అక్కా అంటే చాలు. అంత కూడా వద్దు, నాకేం తెలుసు అన్నా చాలు. నోట్లో గారె ఉంది. మింగడానికి ఎంతసేపు పట్టిందో.

"మాత్రలు బంద్ చెయ్యకు అక్కా" అన్నాను.

"ఎందుకు, చెయ్యదా ఇది?"

"నేను బంద్ చేయించిన. నా బిడ్డకు. నలభై ఎనిమిది దినాలు ఈ పొట్టు నీళ్లే తాపిన. మీ కొడుకు ఆపకుమన్నడు, నేనే ఆపిన."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆసుపత్రిల డ్యూటీ డాక్టరు నన్ను అడిగిండు. ఒకసారి గాదు, మూడుసార్లు అడిగిండు. అమ్మా, ఈ మాత్రలు మానిపిచ్చినరా, నిజం చెప్పుండ్రి, మానితే ఇంకో ఇంజెక్షన్ ఇయ్యాలె, ఇప్పుడే ఇయ్యాలె అన్నడు. లేదు సార్, రోజు ఏస్తున్న అన్న. పక్కన మా ఆయన ఉన్నడు. ఆయన ముందట నా నోటికి రాలే. మళ్లొచ్చి అడిగితే సుత అదే చెప్పిన."

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

మిగతాది కూడా చెప్పేశాను. సబ్బు సంగతి, పసుపు టేపు సంగతి, అందుకే అంత తెల్లగా వచ్చిందని. తల్లిని తీసుకుపోదామని వచ్చిన హేమచంద్ర తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు.

జూలై 15, మంగళవారం

శ్రీలలిత మేడం గదికి పిలిపించారు.

"ఎన్ని సీసాలు?"

"పసుపు టేపువి అన్ని మేడం. జూన్ ఇరవై నాలుగు సంది."

హేమచంద్ర తన రికార్డు తెరిచి ఒక్కో పేజీ మీద అడ్డంగా గీత గీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నిన్ను పోలీసులకు ఇయ్యాల్నా రోసమ్మా?"

"ఇయ్యండి మేడం."

"వద్దు మేడం" అన్నాడతను. "బతికున్నయా లేవా చూడకుండ నేనే ఎగిరిన."

రేపటి నుంచి రావొద్దన్నారు. గేటు దాకా అతను వెనకాలే వచ్చాడు. అరుస్తాడని చూశాను. అరిస్తే బాగుండేది.

"మాత్రలు ఆపకుండ్రి అని చెప్పిన్నా లేదా ఆంటీ నేను?"

"చెప్పిన్రు సార్."

"మరి నా మీదెందుకు?"

"ఇంకెవ్వరు దొరకలేదు సార్."

గేటు తీసి పట్టుకున్నాడు. తర్వాత, అమ్మ పొద్దున మాత్ర వేసుకుందని చెప్పి లోపలికి పోయాడు. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. ఇంటికి నడుస్తుంటే అతని మీద ఉన్న కోపమంతా ఎటు పోవాలో తెలియక నా వెంటే వచ్చింది.

ఆ డాక్టరు పేరు కంప్లైంటు కాయితంలో ఉంది. మా ఆయన బుధవారం ఇస్తానన్నాడు. రేపే.

జూలై 16, బుధవారం

పొద్దున ఆరింటికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చెప్పాను. మొత్తం చెప్పాను. డాక్టరు తప్పు లేదు, మూడుసార్లు అడిగాడు, మూడుసార్లు నేనే అబద్ధం చెప్పానని చెప్పాను. కంప్లైంటు ఇయ్యకు, ఇస్తే నా పేరు మీద ఇయ్యి అన్నాను. కొడతాడనుకున్నాను. కొడితే పడదామని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన నా వైపు చూడలేదు. గుండీ పెట్టుకోవడం ఆపలేదు.

"నాకెరుకే" అన్నాడు.

"ఏమెరుక?"

"డబ్బాల మాత్రలు తగ్గుతలేవని. నెల సంది చూస్తనే ఉన్న. దాని మొహం మంచిగైతున్నది గదా అని ఊకున్న."

"మరి డాక్టరు అడిగిననాడు?"

"నీ పక్కనే ఉన్న గదనే. నువ్వు లేదన్నవు. అందరి ముందల నీ మాట అబద్ధమని ఎట్ల చెప్పాలె అనుకున్న. నువ్వే చెప్తవేమో అని చూసిన. రెండో దినం సుత చూసిన."

నేను ఆయన కోసం చెప్పలేదు. ఆయన నా కోసం చెప్పలేదు. మధ్యలో మంచం మీద అది ఉంది.

ఆయన మీద పడి గోళ్లతో రక్కాలనిపించింది. ఆయన కూడా నన్ను అట్లాగే చూశాడు. ఇద్దరం కదల్లేదు. ఆయన మెల్లగా కింద కూర్చున్నాడు, యూనిఫాంలోనే.

ఆరున్నరకు స్కూలు నుంచి ఫోను. బస్సు ఇంకా బయలుదేరలేదేమని. ఎత్తలేదు. మళ్లీ వచ్చింది. మూడోసారి ఎత్తాడు.

"ఇయ్యాల రాను సార్" అన్నాడు. "మా బిడ్డ సచ్చిపోయింది."

అవతల ఏమన్నారో. ఎనభై రెండు రోజులైంది, స్కూల్లో అందరికీ తెలుసు, మట్టికి కూడా వచ్చారు.

"అవు సార్, తెలుసు" అన్నాడు. "అయినా రాను."